ఈ ఇంట్లో పొయ్యిలెన్ని?

పోయిన వారం నన్ను మా పుట్టింటి వాకిట్లోనే నిలబెట్టి కథ ఆపేశాను. మెడలో జనాభా లెక్కల కార్డు, సంచిలో ఫారాలు, చేతిలో పెన్సిలు. హొలుంగ్ ఊరంతా రాసేసి, ఈ ఒక్క ఇంటినీ చివరికి మిగుల్చుకున్నాను. మొదటి వారం నుంచీ చదువుతున్నవాళ్లకు కారణం తెలుసు. ఇవాళే పత్రిక చేతికొచ్చినవాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను.

మా నాన్న బిర్ఖధన్ రాయ్ ఈ ఊరికి నక్ఛోంగ్, అంటే పూజారి. మా రాయ్‌ల ఇళ్లలో పొయ్యి అంటే మూడు రాళ్లు, ఆ రాళ్లే మా పెద్దలు. కొత్త ధాన్యం ఇంటికొచ్చినప్పుడు దాన్ని ఆ పొయ్యి మీదే వండి, రాళ్లకు అల్లం, రాగి కల్లు పెట్టి, తాతల నాటి మంత్రం ముంధుమ్ పలికాకే మనుషులు ముట్టాలి. ఊళ్లో అన్ని ఇళ్లలోనూ ఆ పలికే నోరు మా నాన్నది. పోయినసారి లెక్కలకొచ్చిన పెద్దమనిషి మా నుదుట దశైం, అంటే దసరా పండగ బొట్లు చూసి, ఒక్కర్నీ అడక్కుండా ఊరందర్నీ హిందువులని రాసుకుపోయాడు. అప్పట్నుంచీ నాన్నకు కడుపు మంట. ఈసారి కర్ర పట్టుకుని గడప గడపా ఎక్కాడు. "మనమున్నామని దేశానికి తెలియాలంటే మన తాతల మతం పేరే, కిరాత్ అని చెప్పండి" అని ఊరంతా నూరిపోశాడు. ఊరు విన్నది. విననిది మా తమ్ముడొక్కడే.

తమ్ముడు దిల్హాంగ్ మూడేళ్ల కిందట చర్చిలో చేరాడు. వాడి కూతురు ప్రశంసకు ఊపిరి ఆడని రోజున నాన్న చేసిన పూజ పని చెయ్యలేదు. చర్చివాళ్లు పాపను వీపు బుట్టలో వేసుకుని జీపు రోడ్డు దాకా పరిగెత్తారు. పాప బతికింది. తర్వాత పాస్టరు, రాళ్లకు చూపించిన అన్నం తినకూడదన్నాడు. వాడూ వాడి పెళ్లాం రోజినా పక్క పంచలో గ్యాస్ పొయ్యి పెట్టుకున్నారు. ఆ రోజే నాన్న ఊరంతా వినేలా ఒట్టు పెట్టాడు. "ఆ పంచలో ఉడికిన మెతుకు నా గొంతు దిగదు" అని.

ఇక చిక్కేమిటంటే, ప్రభుత్వం వారి లెక్కలో ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. పొయ్యిలు రెండైతే కుటుంబాలు రెండు. మా ఊళ్లోనూ అదే మాట. పొయ్యి వేరంటే మనిషి వేరు, పొలం వేరు, చావుకి మోసే భుజం వేరు. పైగా మాలో ఇంటి రాళ్లు చిన్నకొడుక్కే పోతాయి. మా నాన్నకున్న చిన్నకొడుకూ పెద్దకొడుకూ దిల్హాంగ్ ఒక్కడే. నేను "రెండు" అని రాశానంటే మా పెద్దల రాళ్లకు దిక్కుండదు. "ఒకటి" అని రాస్తే నాన్నే ఇంటి పెద్ద, ఆయన చెప్పిందే మాట. మా సూపర్వైజరు ధుంగానా సారు అలాగే కానిమ్మన్నాడు కూడా. "ఇంటి పెద్దను అడుగు, అందరికీ అదే మతం పెట్టుకుంటూ పో, సాయంత్రానికి అయిపోతుంది" అని. నేను ఒప్పుకోలేదు, మనిషి మనిషినీ అడిగాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత నా ఉద్యోగం చూసి పుట్టిందే.

వాకిట్లో నారింజ చెట్టు విరగ కాసింది. చూరు కింద కట్టెల మోపు వానల ముందు పేర్చింది పేర్చినట్టే కప్పు దాకా ఉంది. చూశాను, పట్టించుకోలేదు. చెప్పులు విప్పి లోపలికెళ్లాను.

"రావమ్మా సర్కారూ" అన్నాడు నాన్న. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పొయ్యికి ఆ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. నాకోసం తయారయ్యాడని అర్థమైంది. "ఊరందరి కడుపులో మాటలూ రాసుకున్నావు. సొంతింటికొచ్చేసరికి కాళ్లు లాగాయా?"

"నీ దగ్గరికి రావాలంటే కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి కదా నాన్నా."

"ధైర్యమెందుకే? ఐదుగురం. ఐదుగురం కిరాతులం. రాసుకుని పో. మీ అమ్మ రాగి సంకటి వండింది, తిని పో."

నేను పొయ్యికి ఈ పక్కనే కూర్చున్నాను. పెళ్లై పోయిన ఆడపిల్లను, మా రాళ్లను నేను ముట్టకూడదు. పుట్టి పెరిగిన పొయ్యి దగ్గర పరాయిదానిలా కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు. అమ్మ మూలన అల్లం చెక్కు తీస్తోంది. రాళ్ల మధ్య సన్నగా పొగ వస్తోంది.

"మతం గడి తర్వాత వస్తుంది నాన్నా. ముందు వేరే ప్రశ్నలున్నాయి."

"తర్వాతేమిటి? దానికోసమే కదా నేను రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగింది? పై పేటలో ఆ ముసలమ్మ ఏమందో తెలుసా? 'మా ఆయన కిరాత్, నా కొడుకు కిరస్తానీ, నాకు మోకాళ్ల నొప్పి. నొప్పి తగ్గించే దేవుణ్ణి రాసుకో' అంది. దాని చేత కూడా అనిపించాను కిరాత్ అని."

"నాతోనూ అదే అంది. ఇంకో ఆయనైతే ఏది రాస్తే రోడ్డొస్తుందో అది రాయమన్నాడు."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే గుమ్మంలో నీడ పడింది.

"ఇద్దరు" అన్నాడు దిల్హాంగ్.

"ఏంట్రా ఇద్దరు?"

"కిరాతులు ఇద్దరు నాన్నా. నువ్వూ అమ్మా. మేం ముగ్గురం క్రైస్తవులం. అక్కా, అలాగే రాయి." వాడు గడప లోపలికి రాలేదు. చేతులు జాకెట్టు జేబుల్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెనకాల రోజినా పాపను తన కొంగులోకి లాక్కుంది.

వీళ్లిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అందుకే తొందరపడి అడిగేశాను. ఈ పది రోజులూ ప్రతి గుమ్మంలోనూ అడిగిన ప్రశ్నే, నా ఇంట్లో నా నోటికే చేదుగా తగిలింది.

"ఈ ఇంట్లో పొయ్యిలెన్ని?"

"ఒకటి" అన్నాడు నాన్న.

"రెండు" అన్నాడు తమ్ముడు.

"ఒకటే! ఆ పంచలో ఉన్నది పొయ్యి కాదు. ఇనప డబ్బా. మీట తిప్పితే మండుతుంది, తిప్పితే ఆరుతుంది. దానికి పెద్దలున్నారా, పేరుందా?"

"పేరు లేకపోయినా అన్నం ఉడుకుతుంది నాన్నా. నువ్వేగా అన్నావు, అక్కడ ఉడికింది నీ గొంతు దిగదని? దిగనప్పుడు అది వేరు పొయ్యి కాక మరేమిటి?"

"రెండని రాయిస్తే తెలుసుగా? నీకు ఈ రాళ్లతో పని తీరిపోతుంది. నేను పోయాక వీటిని ఏటిలో కలుపుకోవాల్సిందే."

"రాళ్ల కోసం కన్నావా నన్ను?"

"అవున్రా! రాళ్ల కోసమే కన్నాను. మా నాన్న నన్ను కన్నదీ అందుకే. అందులో తప్పేముంది?"

"నీ లెక్కలో నా కూతురు కూడా ఒక అంకె. అంతేగా? ఊపిరాడక నీలం తిరిగిపోతుంటే అల్లం ముక్కలతో శకునం చూస్తూ కూర్చున్నావు. ఇవాళ అదే పిల్లను లెక్కకు పట్టుకుపోతావా?"

నాన్న ముఖం నల్లబడింది. ఆ మాట వాడు మూడేళ్లుగా అనకుండా దాచుకున్నాడు. నా ముందు, నా పెన్సిలు ముందు అనేశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది, నేను రాకపోయినా బాగుండేదనిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా నాన్న రచ్చంతా గెలిచి ఇంటికొచ్చి ఓడిపోతున్నాడు. ఆ ఓటమిని రాసిపెట్టడానికి కూతుర్నే పంపింది ప్రభుత్వం.

మాట మార్చాలని కింది ప్రశ్నకు దిగాను. దానివల్లే కొంప మునుగుతుందని నాకేం తెలుసు?

"అమ్మా, వంటకు ఏం వాడతావు? కట్టెలా, గ్యాసా, మరేమైనానా?"

"కట్టెలే" అంది అమ్మ, తల ఎత్తకుండా.

కట్టెలు అన్న గడి దగ్గరికి పెన్సిలు పోయింది. పోయి ఆగింది. చూరు కింద కప్పు దాకా ఉన్న మోపు కళ్ల ముందుకొచ్చింది. వానలు వచ్చి వెళ్లాయి, కోతలు కూడా అయ్యాయి. రోజూ రెండు పూటలు వండే ఇంట్లో ఈపాటికి ఆ మోపు సగానికి దిగాలి. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. నేనొచ్చి ఇంతసేపైంది, అమ్మ ఒక్కసారీ దగ్గలేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ ఇంట్లో అమ్మ కన్నా ముందు అమ్మ దగ్గే పలకరించేది.

"ఏ కట్టెలమ్మా?"

నోరు జారింది. అమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. గుమ్మంలో రోజినా ముఖం పాలిపోయింది.

"మోపు కదల్లేదేం?" అన్నాను మెల్లగా. ఇక వెనక్కి తీసుకోలేని మాట అది.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. చెక్కు తీసిన అల్లాన్ని పళ్లెంలో పెట్టింది. తర్వాత నా వైపు కాకుండా రాళ్ల వైపు చూస్తూ చెప్పింది.

"ఆషాఢంలో భోజ్‌పుర్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ, ఇంకో ఏడాది పొగ మింగితే మీ అమ్మ ఉండదని దిల్హాంగ్‌తో చెప్పిందట. వాడు నాతో అనలేదు. రోజినా చెప్పింది. ఆ మర్నాడు నేను నిద్ర లేచేసరికి అన్నం, కూర మూతపెట్టి వెనక గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి. తీసుకున్నాను. నా కుండల్లో వేసుకున్నాను. మీ నాన్న వచ్చే వేళకు నాలుగు మొక్కజొన్న బెండ్లు ముట్టించి కుండ పైన పెడుతున్నాను. అప్పట్నుంచీ రోజూ అంతే."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా ఇంట్లో వంట లేకుండానే పొగ వచ్చింది. ఊరంతా ఆ పొగ చూసి నక్ఛోంగ్ పొయ్యి వెలుగుతోందనుకుంది.

"వదినా, మామయ్యకు చెప్పొద్దని అత్తమ్మ ఒట్టు వేయించుకుంది" అంది రోజినా నాతో. "మీ తమ్ముడికి కూడా తెలియదు. బియ్యం తొందరగా అయిపోతున్నాయేమిటని నన్ను అడుగుతూనే ఉన్నాడు."

దిల్హాంగ్ పెళ్లాం వైపు నోరు తెరుచుకుని చూశాడు. నేను నాన్న వైపు చూడలేకపోయాను. ఊరంతా వినేలా ఒట్టు పెట్టిన మనిషి. ఆషాఢం నుంచీ రెండు పూటలా ఆ పంచలో ఉడికిన మెతుకే తిన్నాడు, మళ్లీ పెట్టించుకుని తిన్నాడు.

"ఆయనకేం తెలియదు" అంది అమ్మ. "పాపమేదైనా ఉంటే నాది. ఆయన్ని ఏమీ అనకండి."

"నాకు తెలుసు" అన్నాడు నాన్న.

అమ్మ చటుక్కున తలెత్తింది.

"మొదటి ముద్దలోనే తెలిసింది. నలభై ఏళ్లు తిన్నాను నీ చేతి వంట. నువ్వెప్పుడైనా గుంద్రుక్ ఆకుకూరలో తిమూరు మిరియం వేశావా? ఆ పిల్ల వేస్తుంది. నాలిక మీద చిమచిమలాడింది." నాన్న రోజినాను చూడకుండానే అన్నాడు. "లేద్దామనుకున్నాను. పళ్లెం విసిరికొడదామనుకున్నాను."

"మరి?" అంది అమ్మ. ఆ ఒక్క మాట కూడా గట్టిగా రాలేదు.

"ఆ రాత్రి నువ్వు దగ్గలేదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ కళ్లు నిండాయి, ఫారం మీద పడకుండా పక్కకు తిరిగాను. ఇంత మొండి మనిషిని ఇంతకాలం తిట్టుకున్నందుకు కాదు. ఆ మొండితనం ఎక్కడ వంగిందో చూసినందుకు.

అంతలోనే నాన్న గొంతు మారిపోయింది. "కానీ కొత్త ధాన్యం పూజ చేశాను. ఈ రాళ్ల ముందు కూర్చుని, ఈ పొయ్యి మీద వండింది మీకు పెడుతున్నానని ముంధుమ్‌లో పలికాను. అబద్ధం పలికాను. ఆ నోటితోనే ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి పలికాను. వాళ్లకు తెలిస్తే ఏమవుతుంది? ఈ ఏటి పూజలన్నీ మైలపడ్డాయంటారు. తిన్న ధాన్యమంతా పాపమంటారు. కిరాత్ అని ఊరి చేత చెప్పించిన నక్ఛోంగ్ ఇంట్లోనే కిరాత్ పొయ్యి లేదంటారు." ఆయన పళ్లెంలోని అల్లం వైపు చూశాడు. "ప్రతి ఇంట్లోనూ అల్లం ముక్కలు వేసి అడిగాను. తప్పు చేశానా, ఒప్పుకోరా అని. ప్రతిసారీ ముక్కలు వెల్లకిలా పడ్డాయి. సమ్మతమేనన్నారు. నాకే నమ్మకం కలగలేదు."

"పెద్దలు కూడా తిన్నారుగా మామయ్యా" అంది రోజినా.

అందరం ఆమె వైపు తిరిగాం. తను కూడా ఉలిక్కిపడింది, ఆ మాట అన్నది తనేనా అన్నట్టు. "పూజ నాటి అన్నం నేనే వండాను. శుభ్రంగా స్నానం చేసి వండాను. నాకు ఆ రాళ్ల మీద నమ్మకం లేదు. మీ మీద ఉంది. అందుకే వండాను."

"రోజినా!" అన్నాడు దిల్హాంగ్. "రాళ్లకు పెట్టే అన్నం నువ్వు వండావా? పాస్టరుగారికి తెలిస్తే మనల్ని..."

"తెలిస్తే తెలియనీ. మీ అక్క ఫారంలో నేనేమిటో రాస్తుంది. ఎవరికి వండానో అందులో గడి లేదుగా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా ఇంటికి ఆ ఉదయం బాగా తెలిసొచ్చింది. నా చేతిలో ఫారం అలాగే ఉంది. ప్రభుత్వం వారి నియమం ప్రకారం ఇప్పుడు ఈ ఇంటికి పొయ్యి ఒక్కటే. అందరూ ఒకచోట ఉడికిందే తింటున్నారు. కాని ఆ పొయ్యి మా నాన్నది కాదు. ఊరు ఆయన రాళ్ల చుట్టూ తిరుగుతుంటే, ఆయనేమో కొడుకు కుటుంబంలో ఒకడయ్యాడు. ఒకటని రాయాలో రెండని రాయాలో నాకిచ్చిన శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడే కింది దారిలో డోలు చప్పుడు వినిపించింది. ఊరి కిరాత్ సంఘం వాళ్లు. ఆఖరి ఇల్లు నక్ఛోంగ్‌ది కనక, లెక్క పూర్తైతే అందరూ కలిసి ఫొటో దిగాలని ముందే అనుకున్నారట.

"నక్ఛోంగ్ తాతా!" సంఘం పెద్ద లోక్‌బీర్ గొంతు అది. "అయిందా? ఐదుగురూ పడ్డారా? కల్లు తెచ్చాం, వాకిట్లోకి రా!"

"నాన్నా, నేను రేపొస్తాను" అన్నాను. "ఇవాళ రాయనక్కర్లేదు."

"కూర్చో." నాన్న లేచాడు. టోపీ తీసి గూట్లో పెట్టాడు. "పొయ్యి అంటే వండేది. మీ సర్కారు చెప్పిందీ అదే, మా తాతలు చెప్పిందీ అదే. వండని చోట రాళ్లుంటే అవి ఉత్త రాళ్లు. ఇన్ని నెలలుగా నేను ఉత్త రాళ్లకు మొక్కుతున్నాను."

"ఏం చేస్తావు?" అంది అమ్మ భయంగా.

"ఈ ఇంటికి పొయ్యి ఒకటే ఉండాలి. అన్నం ఎక్కడ ఉడికితే పెద్దలక్కడికే పోవాలి." ఆయన వంగి, బెండ్ల బూడిద చేత్తో పక్కకు తోశాడు. వాకిలి వైపున్న రాయి కిందికి వేళ్లు పోనిచ్చాడు. నేను పుట్టాక ఆ రాయి కదలడం చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు. ఇల్లు మారినప్పుడే వాటిని కదుపుతారు. కదిపితే తండ్రీ, రాళ్లు అందుకోబోయే కొడుకూ కలిసి ఎత్తాలి. మరొకరి చెయ్యి తగలకూడదు.

రాయి ఒక పక్కకు లేచింది. దాని కింద నల్లటి మట్టి కనిపించింది.

"దిల్హాంగ్" అన్నాడు నాన్న. "రా. ఆ పక్క పట్టు. నీ పంచలోకి తీసుకుపోదాం."

తమ్ముడి ముఖంలో రక్తం లేదు. రాయి ముట్టుకుంటే వచ్చే ఆదివారం చర్చి గుమ్మం వాడికి మూసుకుపోతుంది. తన బిడ్డను వీపున మోసి బతికించిన మనుషులు వాడి ముఖం చూడరు. ముట్టుకోకపోతే ఇక్కడ తండ్రి ఉండడు. నేను సాయం పట్టలేను, ఆ హక్కు నాకు పెళ్లితోనే పోయింది. రోజినా పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి, పంచలోకి వెళ్లింది. గ్యాస్ బండను గోడ వారకు లాగుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపించింది. అంటే చోటు చేస్తోంది.

దిల్హాంగ్ గడప దాటి లోపలికి వచ్చాడు. చేతులు మాత్రం ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

వాకిట్లో డోలు ఆగింది. మెట్ల మీద చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. లోక్‌బీర్ తలుపు దగ్గరికి వచ్చేశాడు.

"బరువుగా ఉందిరా" అన్నాడు నాన్న, వంగిన నడుంతో, తల ఎత్తకుండా.